తల మారింది.. గుండె మారలేదు!

నేను చదివింది మెకానికల్. చేస్తున్నది సాఫ్ట్‌వేర్. మన దగ్గర ఇదేం వింత కాదు కదా! క్యాంపస్‌లో కోడింగ్ ఉద్యోగం రాగానే థర్మోడైనమిక్స్ పుస్తకాలు అటకెక్కాయి. ఇంజిన్ల మీద ఇష్టం మాత్రం పోలేదు. ఆ ఇష్టమే నాకో ఆఫీసు పాఠం నేర్పింది.

రెండేళ్ల కిందట మా టీమ్‌కి ఓ పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ అప్పగించారు. రాసినవాళ్లెవరూ ఇప్పుడు కంపెనీలో లేరు. ‘ఈ చెత్తంతా తీసేసి మొదటి నుంచి రాసేద్దాం’ అని అందరికన్నా గట్టిగా అన్నది నేనే. ఆరు నెలలు కష్టపడ్డాం. లైవ్‌లోకి వెళ్లిన రాత్రే పాత కస్టమర్ల డిస్కౌంట్లన్నీ ఎగిరిపోయాయి. ఎక్కడో మూలన ఉన్న నాలుగు లైన్లు ఎందుకున్నాయో తెలియక తీసేసింది కూడా నేనే. మూడు రాత్రులు నిద్ర లేదు. చివరికి పాతదాన్నే మళ్లీ పెట్టాం. నా రేటింగ్ సంగతి అడక్కండి.

ఆ ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డులో టీ తాగుతుంటే వెనకాల ‘దబ్‌దబ్.. దబ్‌దబ్’ అని చప్పుడు. తిరిగి చూడక్కర్లేదు, అది హార్లే డేవిడ్‌సన్ అని తెలిసిపోతుంది. అన్ని బైకుల్లో దీనికే ఆ చప్పుడెందుకు? ఇంటికెళ్లి చదవడం మొదలుపెడితే రాత్రయింది.

అమెరికాలోని మిల్వాకీలో 1903లో మొదలైన కంపెనీ అది. 1909లో తొలి వి-ట్విన్ తెచ్చారు. అది సరిగ్గా కుదర్లేదు. వాల్వుల పద్ధతి మార్చి 1911లో మళ్లీ దించారు. రెండు సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు. రెండు పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్ పిన్‌కి ఉంటాయి. అందుకే ఒక సిలిండర్ మండాక 315 డిగ్రీలు తిరిగితే రెండోది మండుతుంది. మళ్లీ మొదటిదాని వంతు రావాలంటే 405 డిగ్రీలు తిరగాలి. ఆ ఎగుడుదిగుడే ఆ చప్పుడు! దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకుందామని 1994లో దరఖాస్తు కూడా పెట్టారు. పోటీ కంపెనీలు ఒప్పుకోలేదు. 2000లో వెనక్కి తీసుకున్నారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం పైభాగం కథ. 1936లో వచ్చిన ఇంజిన్ హెడ్డు బిగించిన పిడికిలి మెటికల్లా ఉంటుందని దానికి ‘నకుల్‌హెడ్’ అని పేరు పడింది. మొదట్లో ఆయిల్ కారేది, సరిచేస్తూ వెళ్లారు. 1948లో అల్యూమినియం హెడ్డుతో ‘పాన్‌హెడ్’. బోర్లించిన గిన్నెల్లాంటి మూతలన్నమాట. 1966లో ‘షవల్‌హెడ్’ వచ్చింది. దానికి మొదట పాన్‌హెడ్ కింది భాగాన్నే వాడారు. నాలుగేళ్లకు ఆ కింది భాగాన్నీ మార్చారు. అంతా ఒకేసారి మార్చలేదు, గమనించారా?

అలాగని పాతదాన్ని పట్టుకుని కూర్చుంటే చాలదు. 1969లో కంపెనీ ఏఎంఎఫ్ అనే సంస్థ చేతికెళ్లింది. బైకుల సంఖ్య పెరిగింది, నాణ్యత పడిపోయింది. అదే ఏడాది హోండా సీబీ 750 వచ్చి జపాన్ బైకుల సత్తా చూపించింది. 1981లో 13 మంది ఎగ్జిక్యూటివ్‌లు కలిసి కంపెనీని తిరిగి కొన్నారు. 1983లో అమెరికా ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బైకుల మీద భారీ సుంకం వేసి కాస్త ఊపిరి పోసింది.

అప్పుడు వాళ్ల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పోర్షే సాయంతో మొదలుపెట్టిన సరికొత్త ‘నోవా’ వి-4. రెండోది, పాత వి-ట్విన్‌నే బాగుచేయడం. నోవా మార్కెట్లోకి రానేలేదు. 1984 మోడళ్లతో ‘ఎవల్యూషన్’ ఇంజిన్ వచ్చింది. అప్పటిదాకా హెడ్డు అల్యూమినియం, సిలిండర్ ఇనుము. వేడెక్కితే రెండూ ఒకేలా వ్యాకోచించవు, ఆయిల్ కారకేం చేస్తుంది? సిలిండర్లనూ అల్యూమినియంతో చేశారు. కోణం అదే, క్రాంక్ పిన్ పద్ధతి అదే, చప్పుడూ అదే. 1987లో ‘ఇక మాకు ఆ సుంకం రక్షణ అక్కర్లేదు’ అని కంపెనీయే చెప్పింది!

కొత్తగా రాయడం తప్పని కాదు. 2001లో పోర్షేతో కలిసి 60 డిగ్రీల, నీటితో చల్లబడే ఇంజిన్‌తో వి-రాడ్ తెచ్చారు. 2021 పాన్ అమెరికాలో ఉన్నదీ 60 డిగ్రీల కొత్త ఇంజినే. కానీ పెద్ద క్రూజర్లలో నేటి మిల్వాకీ-ఎయిట్‌ది ఇప్పటికీ ఆ 45 డిగ్రీలే.

మా ప్రోగ్రామ్ మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఈసారి ఒక్కో భాగం విప్పుతున్నాం. మార్చేముందు అది ఏ పని చేస్తోందో రాసుకుంటున్నాం. ఆ నాలుగు లైన్లు అలాగే ఉన్నాయి. ఎందుకున్నాయో పక్కన కామెంట్ రాసి పెట్టాను. నా తర్వాత వచ్చేవాళ్లయినా నిద్రపోవాలి కదా!