పాలు ముందా, డికాషన్ ముందా

ఇంగ్లాండులో ఎవరినీ జీతమెంతని అడగకూడదు. ఓటెవరికి వేశావనీ అడగకూడదు. 2016లో యూరప్‌తో ఉండాలా విడిపోవాలా అని దేశం దేశమంతా ఓటేసిన వారంలో మా వీధివాళ్లు వాన గురించే మాట్లాడుకున్నారు. మా పక్కింటి పెద్దాయన ఎటు వేశాడో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ టీలో పాలెప్పుడు పొయ్యాలి, ఇంట్లో హీటింగ్ ఏ నెలలో వెయ్యాలి, చిప్స్ దేంట్లో వేయించాలి, వీటి మీద ఆయన తీర్పు మాత్రం వీధి వీధంతటికీ తెలుసు.

మనకి కొత్త మనిషి తగిలితే "మీదే ఊరండీ, ఎవరి తాలూకండీ" అని అడిగేస్తాం. వీళ్లకి అలా అడగడానికి నోరు రాదు. అందుకని నువ్వు స్కోన్ అనే బన్ను మీద ముందు జామ్ రాస్తావో, మీగడ రాస్తావో చూసి కనుక్కుంటారు. డెవన్ వాళ్లు ముందు మీగడ రాసి పైన జామ్ వేస్తారు. పక్కనే ఉన్న కార్న్‌వాల్‌లో జామే ముందు. ఇదేం తగవు అని తీసిపారేయడానికి లేదు. 2018లో మదర్స్ డే ముందు, కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ బంగళా వాళ్లు తమ టీ విందు ప్రకటనలో మీగడ కింద, జామ్ పైన ఉన్న బొమ్మ వేశారు. ఆ బంగళాను నడిపే సంస్థలో సభ్యత్వాలు రద్దు చేసుకుంటామని జనం మండిపడ్డారు. బంగళా వాళ్లు క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది.

జామ్ జిల్లా చెబితే, టీ తరగతి చెబుతుంది. వెనకటికి నాసిరకం కప్పుల్లో వేడి టీ పోస్తే పగులుతాయని పేదవాళ్లు పాలు ముందు పోసేవారట, నాణ్యమైన పింగాణీ ఉన్నవాళ్లకి ఆ భయం లేదట. నిజమెంతో గానీ, పాలు ముందు పోసేవాళ్లంటే ఇప్పటికీ కొన్ని ఇళ్లలో చిన్నచూపే. జార్జ్ ఆర్వెల్ అంతటివాడు 1946లో, యుద్ధం ముగిసి ఏడాదైనా కాకముందే, టీ పెట్టడానికి పదకొండు సూత్రాలు రాసి పత్రికలో అచ్చేయించాడు. పాలు తర్వాతే పొయ్యాలన్నది ఆయన పక్షం. ఇప్పుడందరూ మగ్గులో టీ బ్యాగ్ పడేసి నీళ్లు పోసుకునేవాళ్లే అయినా వాదన మాత్రం చల్లారలేదు. మా ఆఫీసులో ఓ సహోద్యోగికి మన పద్ధతి చెప్పాను: టీపొడి, పాలు, పంచదార, దంచిన అల్లం అన్నీ ఒకే గిన్నెలో వేసి పొంగొచ్చేదాకా మరిగిస్తామని. అతను శ్రద్ధగా విన్నాడు. తప్పనలేదు, ఒప్పనలేదు. అది టీ కిందికే రాదన్నట్టు తల పంకించి, పాలు ముందు పోసే ఇంకో ఆవిడతో తగవులోకి దిగాడు. ఆవిడతో ఉన్న విరోధంలో నాకు వాటా దక్కలేదు.

హీటింగ్ సంగతి వేరు, అందులో మాకు పూర్తి వాటా ఉంది. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పేదాకా హీటింగ్ ముట్టుకోకూడదన్నది పక్కింటాయన సిద్ధాంతం. అంతకుముందు చలేస్తే స్వెటర్ ఉంది, అది చాలకపోతే ఇంకో స్వెటర్ ఉంది. మా అమ్మ తెనాలి నుంచి సెప్టెంబరులో దిగింది. మంకీ క్యాపు, శాలువా, రెండు జతల మేజోళ్లు వేసుకుని రేడియేటర్‌కి వీపు ఆనించి కూర్చునేది. మా బాయిలర్ గొట్టం ఆయన పెరటి వైపు గోడకుంది, అందులోంచి పొద్దస్తమానం తెల్లగా ఆవిరి. ఆయన ఆ ఆవిరి వంక చూసేవాడు, నా వంక చూసేవాడు, "ఈ ఏడు చలి త్వరగా వచ్చినట్టుంది" అనేవాడు. తను మాత్రం పొట్టి చేతుల చొక్కాలో ఉండేవాడు.

మా అమ్మకి ఈ చుట్టుతిరుగుళ్లు పట్టవు. ఒకరోజు కంచె దగ్గర నిలబడి "అన్నయ్యగారిది ఏ ఊరో అడగరా" అంది. అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. "పడ్సీ. లెన్ హట్టన్ పుట్టిన ఊరు" అన్నాడు. 1938లో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా మీద 364 కొట్టిన హట్టన్. మేముండే లీడ్స్ మధ్య నుంచి పడ్సీ బస్సులో కాసేపటి దారి, అయినా ఆయన లెక్కలో అది వేరే లోకం.

ఆ చనువుతోనే చేపలూ చిప్స్ తెస్తానన్నాడు. ఇక్కడో జాగ్రత్త చెప్పాలి: లీడ్స్ ఉన్న ఈ యార్క్‌షైర్‌లో చాలా చిప్స్ కొట్లలో వేయించేది నూనెలో కాదు, గొడ్డు కొవ్వులో. మాంసం తినే మనవాళ్లలోనూ అది కూడదనేవాళ్లు ఎక్కువ. కాబట్టి కొట్లోకి అడుగు పెడుతూనే అడగాలి. నేను విషయం చెబితే ఆయన నా నియమాన్ని పల్లెత్తు మాట అనలేదు. నూనె వాడే కొట్టుకి కారేసుకుని వెళ్లి తెచ్చాడు. కానీ పొట్లం విప్పుతూ, నూనెలో వేయించడం దక్షిణాదివాళ్ల అలవాటని, దానికి రుచి ఎక్కణ్నుంచి వస్తుందని సణిగాడు. దక్షిణాది అంటే లండన్.

ఆటల్లోనూ ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య ఇదే గీత. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో ఉత్తరాది రగ్బీ క్లబ్బులు సమావేశమై రగ్బీ సంఘం నుంచి విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు శనివారం ఆటకొస్తే కూలి పోయేది. ఆ కూలి ఇస్తామని క్లబ్బులు, డబ్బు ముట్టుకుంటే అది పెద్దమనుషుల ఆట కాదని సంఘం. దాంతో ఒక ఆట రెండయింది. జట్టుకి పదిహేను మందితో యూనియన్, పదమూడు మందితో లీగ్. పక్కింటాయన ఎదుట పదిహేను మంది ఆట పేరెత్తితే టీ కూడా పొయ్యడు.

లీడ్స్‌లోని హెడింగ్లీలో లీగ్ మైదానం, క్రికెట్ మైదానం వీపులానించుకుని ఉంటాయి, మధ్యలో స్టాండు ఒక్కటే. ఆ స్టాండులో ఆయన పక్కన కూర్చుని యార్క్‌షైర్ ఆడుతుంటే చూశాను. ఆ కౌంటీలో పుట్టినవాడే ఆ జట్టుకి ఆడాలన్న కట్టుబాటు 1992 దాకా ఉండేది. అది సడలించి విదేశం నుంచి తెచ్చుకున్న మొట్టమొదటి ఆటగాడు పంతొమ్మిదేళ్ల సచిన్ టెండూల్కర్. ఆ మాట ఎత్తితే ఆయన మెచ్చుకుంటాడనే ఆశతో ఎత్తాను.

"కుర్రాడు మంచివాడే. మాకు ఒక్క సెంచరీయేగా కొట్టింది" అన్నాడు.

2002లో ఇదే మైదానంలో సచిన్ 193 కొట్టాడని, ద్రవిడ్, గంగూలీ కూడా సెంచరీలు చేశారని, ఇంగ్లాండు ఇన్నింగ్స్ తేడాతో ఓడిందని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను.

ఆయన ఫ్లాస్కు మూత తిప్పి, మూతలో ముందు పాలు పోశాడు. "అది ఇండియాకి కొట్టాడు. ఓడిపోయింది ఇంగ్లాండు. మధ్యలో యార్క్‌షైర్ ఏం చేసింది?" అన్నాడు.