భోగాపురం తీరాన ముందు జీతం, ఆఖర్న గోడ

భోగాపురం దగ్గర జాతీయ రహదారి వదిలి సముద్రం వైపు తిరిగితే మొదట కనిపించేవి అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం, దాన్ని చూపించి అమ్ముతున్న లేఅవుట్ల జెండాలు. వాటిని దాటుకుని పోతే ముక్కాం, చేపలకంచేరు లాంటి మత్స్యకార గ్రామాలు. వైద్యం బొత్తిగా అందని మూల అని దీన్ని అనలేం. మండల కేంద్రంలో ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంది, నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఉంది, విశాఖ కూడా మరీ దూరం కాదు. అయినా ఒంట్లో బాగోలేక ఆటో కట్టించుకుని బయల్దేరితే ఇంట్లో ఇద్దరికి ఆ రోజు పని పోయినట్టే. విమానాశ్రయం వెనకే కంపెనీల సీఎస్‌ఆర్ సొమ్ము, ప్రవాసుల విరాళాలు ఈ తీరానికి వస్తాయి. అందులో కొంత ‘ఉచిత క్లినిక్’ భవనాలుగా లేస్తుంది. ఈ ఊళ్ళు చూశాక నాకనిపించేది ఒకటే. దాత ముందు పదేళ్ళ జీతాలకూ మందులకూ దారి చూడాలి, భవనం సంగతి ఆఖర్న.

ఉప్పుగాలి తగిలే చోట శ్లాబు అడుగుభాగం ఒకసారి తలెత్తి చూడాలి. లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా కిందికి నెడుతుంది. మొదట సన్నటి గోధుమరంగు చార, తర్వాత బీట, ఆ తర్వాత చువ్వే బయటపడుతుంది. ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం మాత్రం గ్రానైటు, దానికేమీ కాదు. కట్టడానికి ఇచ్చిన దాతలు మరమ్మతుకు ఇవ్వడం అరుదు. మరోపక్క ఊరి ఆర్‌ఎంపీని చూడండి. అరుగు, కుర్చీ, మేకుకు వేలాడే సెలైన్ సీసా, ఇంతే ఆయన ఆసుపత్రి. అవసరం లేని యాంటీబయోటిక్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే అలవాటు ప్రమాదకరమే, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ రాత్రి తొమ్మిదింటికి తలుపు తడితే పలుకుతాడు, డబ్బులు రేపిస్తానంటే సరేనంటాడు. జనం నమ్మేది ఆ పలకడాన్ని.

ఈ తీరంలో రోగానికీ వేటకీ ఉన్న లంకె ఏ భవనం ప్లానులోనూ కనిపించదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం; పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. విజయనగరం, శ్రీకాకుళం తీర గ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా కళాసీలుగా వలస పోయేవాళ్ళు ఊళ్ళో దొరికేది ఎక్కువగా ఆ రెండో నిషేధ కాలంలోనే. మిగతా నెలల్లో ఎంత మంచి క్లినిక్ తెరిచినా కనిపించేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలే. నడివయసు మగవాడికి బీపీ ఉందని తెలిసేదెప్పుడు? తెలిసినా, పడవ మీద ఉన్నన్నాళ్ళూ బిళ్ళలు ఎవరిస్తారు? ఎవరింట్లో మగవాళ్ళు ఎప్పుడొస్తారో ఆశా కార్యకర్తకు తెలుసు. కొన్ని నెలలకు సరిపడా బిళ్ళలు కట్టి పంపడానికి కావలసింది ఆమె, ఒక నర్సు, ఒక ఖాతా పుస్తకం, ఖాళీ కాని మందుల బీరువా. పైకి పోతే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ ఇదే పాఠం. అక్కడి కిడ్నీ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా ముదురుతుంది. రక్తంలో క్రియాటినిన్ చూస్తే గాని బయటపడదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, అది కావలసిందే. కానీ జబ్బును తొలిదశలో పట్టుకునే పని ఆ పడకల దగ్గర జరగదు, కవిటి, సోంపేట పల్లెల్లో సూది పట్టి తిరిగేవాళ్ళ దగ్గర జరుగుతుంది.

జీతాలు ప్రభుత్వం పని కదా, దాత ఇస్తే ప్రభుత్వం చేతులు దులుపుకోదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న సత్యం రామలింగరాజు చొరవతో మొదలైంది. 2009 జనవరిలో ఆయన సత్యం కంపెనీ కుప్పకూలింది, 108 ఆగలేదు. నడిపే ఖర్చులో 95 శాతం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది. పోయిన దాత స్థానంలోకి జీవీకే సంస్థ వచ్చింది. దాత మొదలుపెట్టాలి, కానీ నెలనెలా బిల్లు ఎవరిదో మొదటి రోజే రాసుకోవాలి. రువాండాలోని బుతారోలో 2011లో తెరిచిన ఆసుపత్రి భవనానికి ప్రపంచమంతా పేరొచ్చింది. కానీ ‘పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్’ అనే సంస్థ దాన్ని తన సొంత దుకాణంలా కాక ఆ దేశ ఆరోగ్య శాఖ వ్యవస్థలోనే నిలబెట్టింది. మన సీఎస్‌ఆర్‌కు ఇక్కడో చిక్కుంది. 2021 నిబంధనల ప్రకారం ‘కొనసాగే ప్రాజెక్టు’కు కూడా మొదలైన ఏడాది కాక మూడేళ్ళే గడువు. నర్సు ఉద్యోగం మూడేళ్ళది కాదు. కంపెనీలు గోడల వైపు మొగ్గడానికి శిలాఫలకం మోజు ఒక్కటే కారణం కాదన్నమాట, లెక్కల పుస్తకం కూడా అటే తోస్తుంది.

గది లేకుండా వైద్యమేమిటి, ఆడవాళ్ళకు చాటు వద్దా, నీళ్ళు, మరుగుదొడ్డి వద్దా అనేది ఇంకా గట్టి అభ్యంతరం. కావాలి. కానీ గది కావాలనడం వేరు, గది కట్టడం వేరు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్‌.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి 50 వేల జనాభాకొక దృష్టి కేంద్రం చొప్పున పల్లెల్లోకి పోయినప్పుడు ఇంటర్ చదివిన స్థానిక యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి చిన్న చిన్న గదుల్లో కూర్చోబెట్టింది; పెద్ద కేసు పై మెట్టుకు పోతుంది. భోగాపురం తీరానికీ అది చాలు. రాష్ట్రం 2,500 జనాభాకొకటి చొప్పున గ్రామ క్లినిక్కులు పెట్టింది, వాటి పక్కనే పోటీ భవనం లేపడం వృథా. వాటిలో లేనిది సాయంత్రం వేళ, క్రియాటినిన్ పరీక్ష, వెరావల్ పోయేవాడికి కట్టిచ్చే బిళ్ళల పొట్లం. రేవుకు నడిచిపోయే దూరంలో ఒక అద్దె గది, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా ఒక నర్సు, జూన్, జూలైల్లో ఇంటింటి బీపీ పరీక్ష, కాన్పులకు మాత్రం 108లో మండల కేంద్రానికి. అయిదేళ్ళు నడిచి, జీతాల పద్దు ఎవరిదో తేలాక కూడా ఆ గది చాలకపోతే అప్పుడు ఇటుక దించుకోవచ్చు, శ్లాబు మరమ్మతు డబ్బు ముందే బ్యాంకులో వేసి.