బస్తా ఎక్కడ దింపాలి?

ఈసారి సావనీరుకు ఏదైనా వ్రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, నేను కథకుణ్ణి కాను, కవిని అసలే కాను, కంప్యూటర్ సైన్సుతో బి.ఎస్సీ. మూడవ సంవత్సరం చదువుకొంటున్న రైతు బిడ్డను, నన్ను వదిలేయమని చెప్పి తప్పించుకోబోయాను. "పోయినేడు వెబ్‌సైట్ పోగొట్టినవ్ కదా, ఆ ముచ్చటే రాయరాదు" అన్నాడు. మాట కొంచెం గుచ్చుకున్నది. కాని నిజమే కదా! అందుకే వ్రాస్తున్నాను.

మాది కేసముద్రం పక్కన పల్లె. కాజీపేట నుండి విజయవాడ వైపు రైలెక్కిన మిత్రులకు మా స్టేషన్ పరిచయమే. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 నుండి మహబూబాబాద్ జిల్లా. స్టేషన్, మార్కెట్ యార్డు - మా ఊళ్ళకు ఇవే రెండు దిక్కులు.

మా పెద్దబాపు ఈ హన్మకొండలోనే చదివాడు. బియ్యం మూట సంకన పెట్టుకొని ప్యాసింజర్ రైలులో హాస్టలుకు వచ్చే రోజుల గురించి 1984 సావనీరులో నాలుగు పేజీలు వ్రాశాడు. నేను మూడవ తరగతిలో ఉండగా ఆయన పోయాడు. ఆయన చేతి వ్రాత మా ఇంట్లో లేదు. ఆ అచ్చు పుస్తకమొక్కటే ఇనుప పెట్టెలో ఉండేది. లైబ్రరీలో ఆ సంవత్సరం సంచిక లేదు, అడిగి చూశాను.

2024 ఫిబ్రవరిలో మేము ముగ్గురం కలిసి పాత సావనీర్లన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టాలని తలపెట్టాము. ఉత్సాహమే గాని అనుభవం సున్నా. అన్నింటికంటే చవక హోస్టింగ్ ఏదని వెదికి, నెలకు అరవై తొమ్మిది రూపాయలని పెద్దక్షరాలతో వ్రాసిన దానిని పట్టుకున్నాము. మాలో ఒక సీనియర్ అన్నకు కార్డు ఉన్నది, ఆయన మెయిల్ మీదనే ఖాతా తెరిచాము. స్కాన్ చేసింది కూడా ఆయన లాప్‌టాప్‌లోనే. నేను పుస్తకం జాగ్రత్తగా తెచ్చి మళ్ళీ పెట్టెలో పెట్టాను.

ఆ సంవత్సరం సెప్టెంబర్ 1 తెల్లవారుజాము సంగతి మా వైపు వారెవరూ మరువలేరు. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట వరదకు కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడాయి. రోజుల తరబడి రైళ్ళు లేవు. మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. మంచం క్రింది ఇనుప పెట్టె తెరిస్తే పాసుబుక్కులు, పెండ్లి ఫోటోలు, సావనీరు అన్నీ ఒక ముద్ద. బాపు ఆ ముద్దను ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు. నేను గొప్పగా, "రంది పెట్టుకోకు బాపూ, పెద్దబాపు రాసింది వెబ్‌సైట్‌ల పైలంగ ఉన్నది" అన్నాను.

2025 ఏప్రిల్‌లో పరీక్షల తరువాత చూస్తే సైట్ లేదు. ఏడాది గడువు ఫిబ్రవరితోనే తీరింది. కట్టమని పంపిన ఉత్తరాలు సీనియర్ అన్న పాత మెయిల్‌కు పోయాయి. ఆయన బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆ మెయిల్ తెరవడమే మానేశాడు. లాప్‌టాప్‌ను అమ్మేముందు తుడిచేశాడు. కంపెనీకి వ్రాస్తే మూడుసార్లు యంత్రం జవాబిచ్చింది, నాలుగవసారి మనిషి జవాబిచ్చాడు: గడువు దాటిన ముప్పై రోజులకు సరుకు తీసివేస్తామని షరతుల్లో ఉన్నదట. చూశాము. ఉన్నది. కంపెనీని తిట్టుకొన్నాము గాని, చదవకుండా సంతకం పెట్టింది మేమే.

ఈ సంగతి బాపుకు మార్కెట్ యార్డులో చెప్పాను. మక్కల రాసి దగ్గర కాంటా వంతు కోసం కూర్చున్నాడు. హోస్టింగ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. అది కూడా గోదాము వంటిదే, రాత్రింబగళ్ళు ఆగకుండా నడిచే ఎవరిదో కంప్యూటర్‌లో మన సరుకు పెట్టుకొని కిరాయి కట్టడమని చెప్పాను.

"గోదాం ఎవలదిరా?"

"తెల్వదు బాపూ."

"చీటీ ఎవల పేరు మీదున్నది?"

"సీనియర్ అన్న పేరు మీద."

"మాలు వాపస్ తెచ్చుకునుడు ఎట్లనో అడిగినవా పెట్టేటప్పుడు?"

అడగలేదు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

మా బాపు పదో తరగతి దాటలేదు గాని అడ్తి దుకాణాన్ని ఎంచుకోవడంలో ఆయనకు ఆయనే సాటి. ధర ఒక్కటే చూడడు. క్వింటాలుకు ఇరవై రూపాయలు ఎక్కువిస్తానని చెప్పి తరుగు పేరు మీద నలభై కోసేవాళ్ళను ఆయన చూశాడు. తక్‌పట్టీ చేతికొచ్చేదాకా కదలడు. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన ఏడు, కరెంటు పోతే జనరేటర్ ఉందా, బీమా ఉందా అని అడగడమే కాదు, జనరేటర్ నడిపించి చూపమన్నాడు! నాకు అప్పుడు సిగ్గేసింది. ఇప్పుడు ఆ ప్రశ్నలే నాకు పాఠ్యపుస్తకమయ్యాయి.

మళ్ళీ సైట్ పెట్టాలని యూనియన్ నిర్ణయించినప్పుడు ఆయన పద్ధతిలోనే మొదలుపెట్టాము. ముందు చీటీ. సైట్ పేరు వేరు, అది నిలిచే చోటు వేరు. అడ్రసు వేరు, ఇల్లు వేరు అన్నట్టు. .ac.in వంటి పేర్లు విద్యాసంస్థలకే ఎర్నెట్ ద్వారా ఇస్తారు, యూనియన్‌కు రాదు. అందువల్ల మామూలు .ఇన్ పేరు తీసుకొని, దానిని ఒకచోట, హోస్టింగ్‌ను మరొకచోట ఉంచాము. ఒకరితో చెడితే పేరు మన చేతిలోనే ఉంటుంది. రెండూ ఏ మనిషి పేరా కాక యూనియన్ మెయిల్ మీద, ఇద్దరి ఫోన్లకు రహస్య సంఖ్య వచ్చేట్టు పెట్టాము. సీనియర్లు వెళ్ళిపోతారు, యూనియన్ ఉంటుంది.

తరువాత తరుగు. మొదటి ఏటి ధర కాక రెండవ ఏటి ధర అడిగితే చాలాచోట్ల మూడింతలు. "అన్‌లిమిటెడ్" అన్నచోట షరతులు చదివితే ఫైళ్ళ సంఖ్యకు హద్దు ఉన్నది. "99.9 శాతం నడుస్తుంది" అంటే ఎంతో అనుకొంటాము, ఏడాదికి 8,760 గంటలు, అందులో వెయ్యో వంతు అంటే దాదాపు ఎనిమిదిముప్పావు గంటలు ఆగినా వారి మాట తప్పినట్టు కాదు. ఒట్టి 99 శాతమైతే మూడున్నర రోజులు! బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తుకు విడిగా డబ్బు అడిగినవారిని వదిలేశాము, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దానిని ఉచితంగానే ఇస్తుంది. పైగా ఆ తాళానికి అర్థం దారిలో ఎవరూ ఉత్తరం విప్పి చదవలేరని మాత్రమే. గోదాము యజమాని మంచివాడని కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: నకలు ఎక్కడ ఉంచుతారు? 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద కంపెనీ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ ఉన్నదని నిశ్చింతగా ఉన్న కొందరికి తరువాత తెలిసింది, అది కూడా ఆ భవనంలోనే ఉన్నదని. మా ఇనుప పెట్టె కథే, కాకపోతే నీళ్ళకు బదులు నిప్పు. ఈ ప్రశ్ననే ఒకరాత్రి పదకొండు గంటలకు ఐదు కంపెనీలకు వ్రాసి పంపాము. రెండింటి నుండి యంత్రం పలికింది. ఒకరు "చింతించకండి సార్" అన్నారు. ఒకరు మరునాడు ఫోన్ చేసి పెద్ద ప్యాకేజీ కొనమన్నారు. ఒకరు మాత్రం అరగంటలో, సైట్ హైదరాబాద్‌లో, నకలు ముంబైలో, రోజుకొకసారి, పదునాలుగు రోజుల వరకు అని జవాబిచ్చారు. ధరలో వారు మూడవవారు. వారినే ఎంచుకున్నాము.

సరుకు పెట్టాక జనరేటర్ పరీక్ష. ఒక పేజీని కావాలనే చెరిపేసి తిరిగి తెప్పించమన్నాము. గడియారం చూస్తూ కూర్చున్నాము. ఇరవై ఐదు నిమిషాలు. అయినా వారి నకలును మాత్రమే నమ్ముకోలేదు. నెలకొకసారి మొత్తం దించి ఒక హార్డ్ డిస్కులో పెట్టి డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంచుతున్నాము. బాపు విని, "ఆ బీరువా కింది అరల పెట్టకుర్రి" అన్నాడు.

ఇక పెద్దబాపు పేజీలు. స్కాన్ చేసిన రోజు వాటిని బాపుకు వాట్సాప్‌లో పంపాను. బాపు ఫోన్ వరదలోనే పోయింది. కాని ఆయన అంతకుముందే రెండు పేజీలను నెక్కొండలో ఉన్న మా మేనత్తకు పంపాడట, మిగతా రెండు పంపడం మరిచిపోయాడట. పోయిన దసరాకు అత్త తన ఫోన్‌లో వెదికి చూపింది. అక్షరాలు మసకగా ఉన్నాయి. అయినా చదివి, టైపు చేసి, కొత్త సైట్‌లో అన్నిటికంటే ముందు అదే పెట్టాను. రెండవ పేజీ, కేసముద్రంలో రైలు కదులుతుండగా మా తాత మూట అందిస్తూ ఏదో చెప్పబోయే చోట ఆగిపోతుంది. ఏమి చెప్పాడో బాపుకు గుర్తు లేదు, అత్తకు గుర్తు లేదు.

ఈ సావనీరు పూర్వ విద్యార్థులకు కూడా చేరుతుందని కార్యదర్శి అన్నాడు. 1984 సంచిక ఎవరి ఇంట్లోనైనా, ఏ అటుక మీదనైనా ఉంటే, ఒక్కరోజుకు యూనియన్ ఆఫీసుకు ఇప్పించండి. స్కాన్ చేసి ఆ రోజే తిరిగి ఇస్తాను. చీటీ వ్రాసిస్తాను.