నొక్కక్కర్లేదమ్మా!

మంగళగిరి చీరలు ఇంటి దగ్గరే అమ్ముకునే ఏ ఆడమనిషినైనా అడిగి చూడండి, చీర ఎందుకు తిరిగొస్తుందని. నేత గురించి చెప్పరు, ధర గురించి అసలే చెప్పరు. రంగు అంటారు. "ఫోటోలో ఒకలా ఉంది, చేతికొచ్చాక ఇంకోలా ఉందండీ" అన్న మాట విననివాళ్ళు ఈ వ్యాపారంలో ఉండరు. కొనేవాళ్ళని అనడానికీ లేదు. మనం నేరేడు పండు రంగు అనుకుని పంపింది వాళ్ళ ఫోనులో వంకాయ రంగుగా కనబడితే, పాపం వాళ్ళు వంకాయ రంగు చీరకే కదా డబ్బు పంపిస్తారు! చిలకపచ్చకీ మామిడిపిందె రంగుకీ, పసుపుకీ మెంతి రంగుకీ వెంట్రుకవాసి తేడా. ఆ తేడా మీదే నా బేరమంతా.

అందుకని నాకు కొన్ని మడీ ఆచారాలున్నాయి. ఫోటో తీసేది పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య, కిటికీ పక్కన. వెలుతురు పడాలి గానీ ఎండ నేరుగా పడకూడదు. ట్యూబులైటు వెయ్యను, ఫ్లాషు ముట్టుకోను. తీసిన ఫోటోని హాల్లో ఉన్న పెద్ద కంప్యూటరు స్క్రీను మీద పెట్టి, చీర ఒళ్ళో వేసుకుని, రెండూ పక్కపక్కన చూసుకుని, అప్పుడు వాట్సాప్‌లో పంపుతాను.

ఆ కంప్యూటరు మావాడిది. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో విడి భాగాలు ఒక్కొక్కటే తెప్పించి వాడే బిగించుకున్నాడు. 27 అంగుళాల స్క్రీను. లోపల ఆటల బొమ్మలు గీసిపెట్టే కార్డు ఒకటుంది, దాని ఖరీదు మావారికి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. 2023లో ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్తూ, ముగ్గురుండే గదిలో అంత సామాను పట్టదని ఇక్కడే వదిలేశాడు. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తూ పుట్టింట్లో బీరువా ఉంచుకున్నట్టు. పగలు నా చీరలకి, రాత్రి వాడి ఆటలకి.

రాత్రి వాడి ఆటలకేమిటి, వాడు బెంగుళూరులో ఉన్నాడుగా అంటారేమో. మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఒకనాటి రాత్రి తొమ్మిదిన్నరకి మా అత్తగారూ నేనూ హాల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. స్క్రీను దానంతట అదే వెలిగింది. ఎర్ర కారొకటి రోడ్డు మీద రయ్యిన పోతోంది. కుర్చీలో ఎవరూ లేరు! మావారు పేపరు దించి, "దెయ్యం నడుపుతోందా ఏమిటి?" అన్నారు. అది ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల ఆట. 2021లో వచ్చింది, మెక్సికో దేశపు రోడ్ల మీద సాగుతుంది. నడిపేది మావాడే, బెంగుళూరులో మంచం మీద పడుకుని, టాబ్లెట్ చేత్తో పట్టుకుని.

వంట మనింట్లో, భోజనం వాడి గదిలో అనుకోండి. ఆట నడిచేది మా హాల్లోని కంప్యూటరులోనే. అది గీసిన బొమ్మని కుదించి, సెకనుకి అరవైసార్లు ఇంటర్నెట్టులో క్యారేజీ కట్టి పంపిస్తుంది. అక్కడ వాడు మీట నొక్కితే ఆ కబురు ఇక్కడికి వస్తుంది. ఇంట్లో కంప్యూటరులో ఉండి పంపేదాని పేరు సన్‌షైన్. అక్కడ టాబ్లెట్‌లో ఉండి అందుకునేది మూన్‌లైట్. ఎండ మా ఇంట్లో, వెన్నెల వాడి చేతిలో! పేర్లు పెట్టినవాళ్ళెవరో రసికులే. మూన్‌లైట్‌ని 2013లో అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టారు. అప్పట్లో దాని పేరు లైమ్‌లైట్. రెండూ ఉచితమే, పైసా అడగరు.

మా అత్తగారు ఇవేవీ పట్టించుకోలేదు. ఆవిడ చూసుకున్న లెక్క వేరు. స్క్రీను వెలిగితే "పిల్లాడు ఆఫీసు నుంచి వచ్చేశాడే" అనేవారు. పదయినా వెలగకపోతే "ఇంకా రాలేదేమిటే?" అని నన్ను అడిగేవారు.

అంతవరకూ బాగానే ఉంది. 2024లో వాడు కొత్త టాబ్లెట్ కొన్నాడు, అక్కణ్ణించి మొదలైంది రంగుల గొడవ. ఆ టాబ్లెట్‌కి హెచ్‌డీఆర్ ఉంది. హై డైనమిక్ రేంజ్ అన్నమాట. కొత్త టీవీల అట్టపెట్టెల మీద ఈ మాట మీరూ చూసే ఉంటారు. మామూలు స్క్రీను ఎరుపుకి 256 మెట్లు, ఆకుపచ్చకి 256, నీలానికి 256 లెక్కన రంగులు కలుపుతుంది. గుణించి చూస్తే ఒక కోటీ 67 లక్షల రంగులు. హెచ్‌డీఆర్‌లో ఒక్కోదానికీ 1024 మెట్లు, మొత్తం 107 కోట్లు. ఇన్ని రంగులు మన కంటికి ఆనుతాయా అని నన్నడక్కండి, నాకు వంద చీరలు గుర్తుంటే అదే పదివేలు.

రంగులకన్నా వెలుగు లెక్క ముఖ్యం. వెలుగుని నిట్స్ అనే కొలతలో చెబుతారు, చదరపు మీటరుకి ఇన్ని కొవ్వొత్తుల వెలుగని. పాత పద్ధతిలో బొమ్మ తయారుచేసేవాళ్ళు తెల్లటి తెలుపుని 100 నిట్స్ దగ్గర అనుకుని పని చేసేవారు. 2014లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌డీఆర్ కొలబద్ద 10,000 దాకా ఉంటుంది. ఇళ్ళల్లో ఉండే స్క్రీన్లు అంతదూరం పోలేవనుకోండి. అయినా కారు అద్దం మీద ఎండ తళుక్కుమనడం నిజంగా తళుక్కుమన్నట్టే ఉంటుంది. ఆ పండక్కి వచ్చినప్పుడు వాడు చూపిస్తే నేనే కళ్ళు చికిలించాను.

చిక్కేమిటంటే, ఈ రెండు పద్ధతుల కొలతలూ వేరు. సోల లెక్కన రాసిన చీటీని గిద్ద లెక్కన చదివి వండితే పులుసు ఏమవుతుంది? హెచ్‌డీఆర్ లెక్కలో వచ్చిన బొమ్మని మామూలు స్క్రీను తన లెక్కలో చదువుకుంటే అలాగే తెలుపు బూడిద రంగుకి దిగిపోతుంది, రంగులన్నీ చాకిరేవులో నాలుగుసార్లు ఉతికినట్టుంటాయి. సరే, వాడి టాబ్లెట్‌కి హెచ్‌డీఆర్ తెలుసు గనక వాడికి ఆ బాధ లేదు. కానీ వాడికి ఆ బొమ్మ అందాలంటే ఇక్కడ మా కంప్యూటరూ హెచ్‌డీఆర్‌లో ఉండాలి. అది అలాగే ఉండిపోతే పొద్దున నా చీరల గతేమిటి? ఆ పద్ధతిలో ఉన్నంతసేపూ విండోస్ మన మామూలు ఫోటోల్ని కొత్త కొలతలోకి మార్చి చూపించాలి. ఆ మార్పిడిలో నీడల దగ్గర తేడా పడుతుంది, నల్ల అంచు కాస్తా పొగ రంగవుతుంది. పైగా చాలా స్క్రీన్లలో హెచ్‌డీఆర్ వెయ్యగానే రంగూ వెలుగూ సర్దుకునే మీటలు పనిచెయ్యడం మానేస్తాయి.

దీనికి మేం కనిపెట్టిన ఉపాయం నేనే! కీబోర్డు మీద విండోస్ గుర్తు, ఆల్ట్, బి - మూడూ కలిపి నొక్కితే హెచ్‌డీఆర్ వస్తుంది. మళ్ళీ నొక్కితే పోతుంది. ఆట మొదలయ్యేముందే నొక్కి ఉంచాలి. రోజూ తొమ్మిదిన్నరకి ఫోను. "అమ్మా, నొక్కు." నేను వెళ్ళి నొక్కేదాన్ని. స్క్రీను ఒక్క క్షణం నల్లబడి తిరిగొచ్చేది. "నొక్కాన్రా. తిన్నావా?" "ఆఁ." "ఏం తిన్నావు?" "చపాతీ." "కూరేమిటి?" "ఏదో ఉందిలే అమ్మా, ఆట మొదలవుతోంది." అంతే. మొత్తం కలిపితే నిమిషం ఉండదు. పొద్దున కాఫీ తాగి నేనే మళ్ళీ నొక్కి నా రంగులు నేను తెచ్చుకునేదాన్ని. నేను ఊరెళ్ళినప్పుడు మావారికి అప్పగిస్తే, ఆయన బికి బదులు వి నొక్కి "ఏం రాలేదురా" అని కూర్చునేవారు.

ఈ ఏర్పాటు ఏడాది దగ్గరగా నడిచింది. 2025 ఉగాదికి వచ్చినప్పుడు వాడు నా మొహం చూసి, "నీకెందుకమ్మా రోజూ ఈ చాకిరీ" అని ఒక పూటంతా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఉగాది పచ్చడి తిని కూర్చున్నవాడు పులిహోరకి నాలుగుసార్లు పిలిస్తే గానీ లేవలేదు.

సన్‌షైన్‌లో ముందునుంచీ ఒక ఏర్పాటుందిట. ఆట మొదలయ్యేముందు చెయ్యాల్సిన పని ఒక గడిలో, ఆట అయ్యాక దాన్ని వెనక్కి తీసే పని పక్క గడిలో రాసిపెట్టుకోవచ్చు. ఆ జంట గడుల పద్ధతి నాకు భలే నచ్చింది. మనిళ్ళల్లో మంచం వాల్చేవాళ్ళకి ఎత్తిపెట్టే పని కూడా ముందే రాసిస్తే ఎంత బాగుండును! 2025 మొదట్లో వచ్చిన కొత్త కూర్పులో ఆ రాతా అక్కర్లేదు. అవతలి టాబ్లెట్ హెచ్‌డీఆర్ అడిగితే కంప్యూటరే అందులోకి మారుతుంది, పనయ్యాక పాత రంగుల్లోకి తిరిగొస్తుంది. స్క్రీను సైజూ అలాగే సర్దుకుంటుంది.

"మరి నువ్వు ఆట మధ్యలో నిద్రపోతే?" అని అడిగాను. ఇది అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే మావాడు టాబ్లెట్ గుండెల మీద పెట్టుకుని నిద్రపోయే రకం. వాడు నన్నొకసారి ఎగాదిగా చూసి, "కరెక్టే" అన్నాడు. సంగతేమిటంటే, ఆటని ముగించడం వేరు, సంబంధం తెగిపోవడం వేరు. తెగితే మళ్ళీ వస్తాడేమోనని కంప్యూటరు ఆటని అలాగే ఉంచి ఎదురుచూస్తుంది, రంగులూ అలాగే ఉంటాయి. భోజనం మధ్యలో లేచి వీధిలోకి వెళ్ళినవాడి విస్తరి తియ్యం కదా, అలాగ. సంబంధం తెగినా సరే రంగులు వెనక్కి తీసుకొచ్చెయ్యమని చెప్పే టిక్కు వేరే ఉంది. మొదట అది వేసి ఉండదు, మనమే వేసుకోవాలి. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, ఆ కంప్యూటరు మీరు కూడా వాడుతుంటే, ఈ టిక్కు వెయ్యించుకోండి. పొద్దున ఫోటోలు వెలిసినట్టు కనబడితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి హెచ్‌డీఆర్ వేసి ఉందేమో ముందు చూడండి. ఫోనునో, కళ్ళజోడునో తిట్టుకోకండి. మా పక్కింటి పిన్నిగారు కళ్ళజోడు మార్పించుకున్నారు కూడా!

వాడు వెళ్ళిన మర్నాటినుంచి అంతా బ్రహ్మాండంగా పనిచేసింది. రాత్రి తొమ్మిదిన్నరకి స్క్రీను నల్లబడి వెలుగుతుంది. పొద్దున నేను లేచేసరికి నా నేరేడు పండు నేరేడు పండులాగే ఉంటుంది. ఆ నెలలో హైదరాబాదు నుంచి ఒకావిడ సీమంతానికని పన్నెండు చీరలు తీసుకుంది. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఫోను మాత్రం రాలేదు. మొదటిరోజు అలసిపోయాడేమోలే అనుకున్నాను. రెండోరోజు స్క్రీను వెలగ్గానే అలవాటుగా ఫోను పక్కన పెట్టుకున్నాను. మూడోరోజు మా అత్తగారు, "పిల్లాడొచ్చాడే" అన్నారు. "ఆఁ, వచ్చాడు" అన్నాను. ఏం తిన్నాడో ఇద్దరికీ తెలీదు.

నాలుగోరోజు నేనే చేశాను. కంగారుగా ఎత్తాడు. "ఏమైందమ్మా? రంగులు మారలేదా?"

"మారాయిరా."

"మరి నువ్వేం నొక్కక్కర్లేదమ్మా, అదే చూసుకుంటుంది."

"నొక్కడానికి కాదు. తిన్నావా అని."

అవతల కారు ఇంజను చప్పుడు ఆగిపోయింది. మా హాల్లో స్క్రీను మీద కూడా కారు రోడ్డు మధ్యలో ఆగి నిలబడింది. చూస్తుంటే తమాషాగా ఉంది. "తిన్నానమ్మా. బెండకాయ వేపుడు. బాలేదు" అన్నాడు.

నేను డొంకతిరుగుడు లేకుండా చెప్పాను. "నీ కంప్యూటరు అన్నీ చూసుకుంటుంది, సంతోషం. నాకూ పొద్దున పని తగ్గింది, ఆ టిక్కు తీసెయ్యమని అనను. నా చీరలకి అది కావాలి. కానీ నువ్వు రోజూ చేసే ఆ నిమిషం ఫోను కూడా దాంతోపాటే పోయింది. అది ఆటోమేటిక్ అవదు." వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోజూ అంటే మర్చిపోతానేమోనమ్మా" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. నిజం చెప్పాడు. మర్చిపోయినరోజు నేను చేస్తానన్నాను.

ఇప్పుడు వారంలో మూడు నాలుగు రోజులు చేస్తాడు, మిగతా రోజులు నేను చేస్తాను. చెయ్యని రోజున స్క్రీను వెలిగిందా లేదా అన్నది మా అత్తగారు చూసి చెబుతారు. మొన్న మంగళవారం ఆట మంచి రసపట్టులో ఉండగా వాడి టాబ్లెట్‌లో చార్జింగు అయిపోయిందిట. చార్జరు ఆఫీసులో మర్చిపోయాడట. ఏం తోచక ఫోను చేశాడు. వంకాయ కారం పెట్టి కూర ఎలా చెయ్యాలో అడిగాడు, చెప్పాను. వాళ్ళ ఆఫీసు గోల చెప్పాడు. అత్తగారితో మాట్లాడాడు. ఇరవై నిమిషాలయింది. మేం మాట్లాడుకుంటూ ఉండగానే ఎప్పుడో హాల్లో స్క్రీను ఒకసారి నల్లబడి, మామూలు రంగుల్లోకి వచ్చేసింది.