లేని దేశమునకు ఓడలు

మా తరగతి బాలురు కొందఱు లోకమున లేని ద్వీపరాజ్యము నొకదానిని కల్పించి, దాని చరిత్ర వ్రాసి, దానికి యుద్ధనౌకలు గీయుచున్నారు. ఫిరంగులకు కొదువ లేదు. బొగ్గునకే చోటు లేదు! బరువు లెక్క చూపనిదే యే యోడను నీట దింపరాదని మేము నియమించితిమి. 1922 నాటి వాషింగ్టన్ ఒడంబడికయు యుద్ధనౌక 35,000 టన్నులకు మించరాదనెను గదా.

ఫిరంగులు తీసివేసిన నీ యోడ యెందుకు పనికివచ్చునని యొక బాలుడడిగెను. మేము యూర్కెవిచ్ సంగతి చెప్పితిమి. రష్యా యుద్ధనౌకలకు నీటిని చీల్చు నాకృతిని రూపించుటలో పాల్గొనిన యాతడు, విప్లవానంతరము ఫ్రాన్సు చేరి, నార్మండీ యను ప్రయాణికుల యోడకు రూపమిచ్చెను. ఆ యుద్ధనౌకలు పూర్తియే కాలేదు. నార్మండీయో, 1935లో తొలి ప్రయాణముననే అట్లాంటిక్ సముద్రమును దాటు వేగమున మొదటి స్థానము గొనెను.

మఱునాడా బాలుడు ఫిరంగులు చెఱిపి, కిటికీలు గీసి తెచ్చెను. ప్రాణరక్షక పడవలు మాత్రము చాలలేదు. పటమును మరల పంపితిమి.