వలసలు నేసిన నగరం

సాత్పురా కొండల ఒడిలో, మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టిన తపతీనది మన దేశపు అధిక నదులవలె తూర్పునకు మరలక, పడమటి సముద్రాన్ని వెతుక్కుంటూ సాగిపోతుంది. ఖంభాత్ సింధుశాఖలో లీనమయ్యే ముందు అది ఒక మహానగరాన్ని ఒరుసుకొని ప్రవహిస్తుంది. ఆ నగరమే సూరత్. తపతి సూర్యుని కుమార్తె అని మహాభారతం చెబుతుంది. ఆమె తీరాన వెలసిన ఈ పట్టణానికి సూర్యపురమన్న పేరు కూడ జనశ్రుతిలో ఉన్నది.

నేడు సూరత్ పేరు వినగానే మనకు స్ఫురించేవి చీరలు, వజ్రాలు. 2011 జనాభా లెక్కలనాటికే నలభై నాలుగు లక్షలు దాటిన ఈ నగరంలో, బజారులో ఎదురైన మనిషిని 'మీది ఏ ఊరు?' అని అడిగితే 'ఇదే' అన్న జవాబు రావడం అరుదు. మరమగ్గాల ముందు నిలబడినవారిలో ఎందరో ఒడిశాలోని గంజాం జిల్లావారు. వజ్రాలను సానపట్టే చేతులు ఎక్కువగా సౌరాష్ట్ర ద్వీపకల్పానివి. ఖాందేశ్ నుంచి మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి హిందీవారు, తెలంగాణ నుంచి మన పద్మశాలీలు ఇక్కడికి వచ్చి చేరారు.

ఈ దేశంలో ఎవరు ఎక్కడివారు? ఎవరు ముందు, ఎవరు వెనుక? ఈ ప్రశ్నను కొందరు జిజ్ఞాసతోను, కొందరు కోపంతోను అడుగుతుంటారు. ఏ భావంతో అడిగినా, జవాబు వెతకడానికి సూరత్ కంటే అనువైన చోటు అరుదు.

నిలిచినవారు, నిలువనివారు

మొగలుల కాలంలో ఇది పశ్చిమ తీరానికి ముఖద్వారం. మక్కాయాత్రికులు ఇక్కడనే ఓడ ఎక్కేవారు. వారి విడిది కోసం 1644లో కట్టిన మొగల్ సరాయి నేడు నగరపాలక సంస్థ కార్యాలయంగా ఉపయోగపడుతున్నది. ఆంగ్లేయుల ఓడ 'హెక్టర్'లో కెప్టెన్ విలియం హాకిన్స్ 1608లో వచ్చింది ఈ రేవుకే.

ఆ వైభవానికి మిగిలిన గుర్తులలో ముఖ్యమైనవి సమాధులు. ఆంగ్లేయుల శ్మశానంలో ఆక్సెండెన్ సోదరుల సమాధి గుమ్మటాలతో, స్తంభాలతో ఒక చిన్న మసీదును తలపిస్తుంది. డచ్చివారి శ్మశానంలో 1691లో మరణించిన వాన్ రీడ్ విశ్రమిస్తున్నాడు. మలబారు మొక్కలను పన్నెండు సంపుటాలలో వర్ణింపజేసిన 'హోర్టస్ మలబారికస్' ఆయన పూనికతో వెలువడినదే. ఆర్మీనియన్ల సమాధి ఫలకాలపై వారి లిపి ఉన్నది. నేను అనువాద వృత్తిలో జీవిస్తున్నవాణ్ణి. చదవలేని లిపి ముందు నిలబడితే మనసు ఒక విధంగా చిన్నబోతుంది. ఆ అక్షరాలను ఇంటి భాషగా చదువుకునే సమాజం ఈ వీథులలో నేడు లేదు.

అయితే వచ్చినవారందరూ ఇలా రాళ్లుగా మిగలలేదు. సూరత్‌కు దక్షిణాన ఉన్న సంజాన్ తీరంలో, వెయ్యేళ్లకు పైబడిన కాలంలో, ఇరాన్ నుంచి జరథుష్ట్రమతస్థులు దిగారు. ఆ కథను 1599లో 'కిస్సా-ఏ-సంజాన్' అనే పారశీక కావ్యం చెప్పింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి 2017లో వెలువరించిన పరిశోధన ఆ కథకు కొత్త వెలుగునిచ్చింది. సంజాన్‌లో త్రవ్వి తీసిన అస్థికలను పరీక్షించగా, తల్లి నుంచి సంక్రమించే వంశరేఖలలో సుమారు సగం దక్షిణాసియాకు చెందినవని తేలింది. వచ్చినవారు ఈ నేలపై పుట్టిన స్త్రీలను వివాహమాడారని దీని సూచన. పారశీకుల ఇల్లు మొదటినుంచీ రెండు దేశాల ఇల్లు.

సూరత్ పొలిమేరలోని సచిన్ నేడొక పారిశ్రామిక వాడ. ఒకప్పుడది నవాబుల సంస్థానం. 1791లో దానిని స్థాపించిన వంశం సిద్దీలది. సిద్దీల పూర్వికులు ఆఫ్రికా ఖండంలోని బంటూ భాషలవారికి బంధువులని 2011లో జన్యుశాస్త్రం నిర్ధారించింది. బానిసలుగా, నావికులుగా, సైనికులుగా వచ్చిన జాతినుంచి రాజులు కూడ పుట్టారన్నమాట.

రక్తంలో దాగిన లెక్క

పారశీకులు, సిద్దీలు వచ్చిన కథ మనకు తెలుసును గనుక వారిని 'వచ్చినవారు' అంటున్నాము. మరి తక్కినవారమో?

సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2009లో ఇరవై ఐదు భారతీయ సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పోల్చి చూశారు. వారు పరీక్షించిన దాదాపు ప్రతి సమూహంలోను రెండు ప్రాచీన వంశధారలు కలిసి ఉన్నవి. వాటి పాలు మాత్రమే ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా ఉన్నది. సుమారు 4200 ఏళ్ల క్రితం నుంచి 1900 ఏళ్ల క్రితం వరకు ఈ కలయిక విస్తృతంగా సాగినదని, ఆ తరువాతనే సమూహాలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకొనే కట్టుబాటు బిగిసినదని 2013లో మరొక పరిశోధన తెలిపింది. ఈ ఉపఖండపు తొలి వేటగాళ్లు, ఇరాన్ ప్రాంతంవారితో చుట్టరికం గలవారు, మధ్యాసియా గడ్డిమైదానాల పశుపాలకులు అనే మూడు మూలాలను 2019లో వెలువడిన అధ్యయనాలు మరింత స్పష్టపరచాయి. మనం అనాదిగా వచ్చిందని తలచే కులపు గోడకు ముందు, అంతకంటె పాతదైన కలయిక ఒకటి ఉన్నది.

కాని జన్యువు ఎవరు ఎవరితో కలిశారో చెప్పగలదు. ఒక మనిషి ఇల్లు విడిచి ఎందుకు వెళ్లాడో చెప్పలేదు. దానికి శాసనాలను ఆశ్రయించాలి.

లాటదేశపు సాలెలు

సూరత్, భరుచ్ పరిసరాలతో కూడిన దక్షిణ గుజరాత్‌కు పూర్వనామం లాటదేశం. మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌లో దొరికిన శాసనం ఈ దేశాన్ని విడిచి వెళ్లిన పట్టుసాలెల శ్రేణి ఒకదాని కథ చెబుతుంది. వారు దశపురం చేరి, గుప్తచక్రవర్తి కుమారగుప్తుని కాలంలో, క్రీ.శ. 437 ప్రాంతంలో సూర్యునికి గుడి కట్టారు. ముప్పై ఆరేళ్ల తరువాత దానిని బాగుచేయించారు. వత్సభట్టి రచించిన ఆ శాసనం ప్రకారం వారిలో కొందరు విలుకాండ్రయ్యారు, కొందరు కథకులు, మరికొందరు జ్యోతిష్కులు. మిగిలినవారు మగ్గాన్నే నమ్ముకున్నారు. వలస వెళ్లిన సంసారంలో నేటికీ జరిగేది ఇదే.

గుజరాత్ నేతగాళ్ల ప్రయాణం అంతటితో ఆగలేదు. మదురైలోని సౌరాష్ట్రులు, అనగా పట్నూలువారు, తమ మూలస్థానం గుజరాతమనీ, దేవగిరి, విజయనగరాల మీదుగా వచ్చామనీ చెప్పుకుంటారు. ఉత్తరాది కుదురుగల వారి భాషలో తెలుగు మాటలు ఎన్నో చేరాయి. త్యాగరాజస్వామి శిష్యుడు, ఆయన కృతులను వ్రాసి భద్రపరచినవారిలో ముఖ్యుడు అయిన వాలాజాపేట వెంకటరమణ భాగవతులు ఆ సమాజంవాడే. గుజరాత్ నుంచి నడిచి వచ్చిన సాలెవంశం మన తెలుగు పాటను కాపాడిపెట్టింది.

ఆ దారినే ఎదురు నడిచి మనవారు సూరత్ చేరారు. తమను మార్కండేయుని సంతతిగా చెప్పుకునే పద్మశాలీలు, చేనేతకు గిరాకి తగ్గి, కరవులు మీదపడి, వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి షోలాపూర్, భివండి, సూరత్‌లకు తరలిపోయారు. లింబాయత్ వాడలో నడుస్తుంటే మరమగ్గాల హోరు మధ్య తెలంగాణపు తెలుగు చెవిని తాకుతుంది. ఇక్కడ మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. యంత్రమని అర్థమిచ్చే ఆ గుజరాతీ, మరాఠీ మాటే నేడు సిరిసిల్ల వీథులలోను వినిపిస్తుంది. మనుషులు వెళ్లిన బాటలోనే మాట తిరిగి వచ్చింది.

ఒక టీకొట్టు ముందు కూర్చున్న వృద్ధుణ్ణి 'మీది ఏ ఊరండీ?' అని పలకరించాను.

"ఏ ఊరని చెప్పాలె సారూ? పుట్టింది పరకాల కాడ. నలభై ఏండ్లు సాంచాలు నడిపింది ఈడ. ఊరికి పోతె సూరతాయన వచ్చిండంటరు. ఈడ మద్రాసీ అంటరు" అన్నాడాయన నవ్వుతూ. కొంతసేపటికి నవ్వు తగ్గించి, "మనుమనికి తెలుగు మాట్లాడ వస్తది, సదువ రాదు" అన్నాడు.

ఈ నగరంలో పురపాలక పాఠశాలలు ఒరియా, మరాఠీ, ఉర్దూలతోపాటు తెలుగు మాధ్యమంలోను నడుస్తూ వచ్చాయి. కాని ఏ భాషలో ఉపాధి ఉన్నదో ఆ భాషకే పిల్లలు మరలడం సహజం. 1994లో ప్లేగు భయం సోకినప్పుడు లక్షలమంది శ్రామికులు సూరత్‌ను విడిచి పరుగెత్తారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా నిర్బంధపు రోజులలో, స్వస్థలాలకు పంపండని కార్మికులు వీథికెక్కారు. ఎన్నేళ్లు నేసినా, ఆపద వేళ మనిషికి గుర్తుకు వచ్చేది వెనుకటి ఊరే. ఆపద తీరాక తిరిగి చేరేది బతుకునిచ్చిన ఊరికే.

ఎవరు ముందు వచ్చారన్న లెక్క తీయబోతే ఏ వంశానికీ మొదలు దొరకదు. ఎవరు ఎలా నిలిచారన్న లెక్క మాత్రం తీయవచ్చును. పట్నూలువారు తమ ఇంటిభాషను తరతరాలుగా ఇళ్లలో నిలుపుకున్నారు. ఆర్మీనియన్ల భాష సూరత్‌లో రాళ్లపైనే మిగిలింది. లింబాయత్‌లోని ఆ మనుమడు తన పిల్లలకు తాత మాటలను అందిస్తాడా లేదా అన్నది ఏ శాసనమూ, ఏ జన్యువూ ముందుగా చెప్పలేవు. అది ఆ ఇంటి అరుగు మీద, ప్రతి సాయంకాలం, కొద్దికొద్దిగా తేలవలసిన విషయం.