నెమలి నుంచి ధ్రువకాంతులకు

ఎన్‌టీఆర్ జిల్లాలో, తిరువూరు ప్రాంతంలో నెమలి అనే ఊరుంది. వేణుగోపాలస్వామి గుడి వల్ల ఆ ఊరి పేరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. మా ఇల్లు అక్కడే. ఒకనాటి సాయంత్రం మా మనమరాలు చిట్టి పుస్తకంలో ఒక బొమ్మ చూపి, "తాతయ్యా, ఆకాశంలో నెమలి పురి విప్పింది!" అన్నది.

పిల్లలూ, అది నెమలి కాదు, ధ్రువకాంతి. సూర్యుడి నుంచి విద్యుత్కణాలు నిత్యం వెలువడుతూ ఉంటాయి. భూమి ఒక పెద్ద అయస్కాంతం గదా! అది వాటిలో కొన్నిటిని ధ్రువాల వైపు మళ్ళిస్తుంది. అవి నూరు కిలోమీటర్లకు పైన ఆక్సిజన్‌ను తాకితే ఆకుపచ్చ వెలుగు పుడుతుంది; ఇంకా ఎత్తున అయితే ఎరుపు. నైట్రోజన్ నీలం, ఊదా రంగులిస్తుంది.

"మన ఊళ్ళో కనపడవా?"

"మనం ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం దగ్గర. అవి తరచు కనిపించేది 65, 70 డిగ్రీల దగ్గర. 2024 మే నెలలో సూర్యుడిలో పెద్ద అలజడి రేగి, లడఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబడింది. కాని అది అరుదు."

"అయితే మనమే వెళదాం, ఎండాకాలం సెలవుల్లో!"

నేను భూగోళం మీద నార్వేలోని ట్రోమ్సో పట్నం చూపాను. మే నెలలో అక్కడ సరిగా చీకటే పడదు. నెలాఖరుకు అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించడు.

"పోనీ, సంక్రాంతికి?"

"నవంబరు చివర కనుమరుగైన సూర్యుడు జనవరి మధ్యకు గాని తొంగిచూడడు. చీకటికి లోటుండదు గాని, పగలు కొద్ది గంటల మసక వెలుగే. సముద్రతీరం చూసేదెలా?"

ఆ తీరం చూసి తీరవలసిందే. చిట్టి హంసలదీవి చూసింది. అది కృష్ణ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన చదునునేల. నార్వేలో పూర్వం మంచునదులు కొండలను లోతుగా కోశాయి. మంచు కరిగాక ఆ లోయల్లోకి సముద్రం వచ్చింది. వాటిని ఫియర్డులంటారు. నీళ్ళలోంచే కొండలు నిటారుగా లేస్తాయి. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా రేవు రేవుకూ ఆగుతూ ఓడలు పోతాయి. ఆ తీరంలో ఇటువంటి ఓడల రాకపోకలు 1893లో మొదలయ్యాయి. వెచ్చని సముద్రప్రవాహం వల్ల ఆ రేవులు చలికాలంలోనూ గడ్డకట్టవు.

చిట్టి వేళ్ళు లెక్కపెట్టి, "దసరా!" అని ఎగిరింది.

నిజమే! దసరా రోజుల్లో అక్కడ పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. పగలు తీరం, రాత్రి ఆకాశం చూడవచ్చు. పైగా నవరాత్రులు మొదలయ్యేది అమావాస్య మర్నాడు. వెన్నెల అడ్డు రాదు.

మా ఆవిడ ఇదంతా విని, "ఇంత డబ్బు పోసి వెళితే మబ్బు పడుతుందేమో?" అన్నది.

"పడవచ్చు. అందుకే అయిదారు రాత్రులుండాలి. అయినా కనపడతాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు," అన్నాను.

"కాంతులు రాకపోయినా తీరం ఎక్కడికీ పోదుగా, నాయనమ్మా!" అన్నది చిట్టి.

మా డబ్బు డిబ్బీ ఇంకా పావువంతు కూడా నిండలేదు. నా మోకాళ్ళు చూస్తే ఎక్కువ ఏళ్ళు ఆగేటట్టు లేవు. కాని కొత్త పంచాంగం రాగానే చిట్టి మొదట వెతికేది భాద్రపద అమావాస్యనే.